ఊరట గింజ

కొత్తరేవు శిబిరంలో అడుగుపెట్టిన పావుగంటకే హైమవతికి మనసు కుదురు తప్పింది. ఎందుకో మొదట అంతుపట్టలేదు. అంతా బాగానే ఉంది. రేకుల పాకలు వరసగా ఉన్నాయి, కుళాయిల దగ్గర తోపులాట లేదు, బడి వేళకు పిల్లలు బడిలోనే ఉన్నారు. పదమూడేళ్ళుగా తుపాను శిబిరాలూ వరద శిబిరాలూ తిరిగి, అక్కడి పిల్లల చదువూ మనసూ ఏ మాత్రం కోలుకున్నాయో కొలవడమే ఆమె ఉద్యోగం. ఇంత బాగున్న శిబిరాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇక్కడున్నవాళ్ళంతా సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్ళు. నూరేళ్ళకు పైబడి వెనక శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్ళి, అక్కడి డెల్టాలో వరి పండించుకుని బతికిన కుటుంబాల మునిమనవలు. కిందటేడు ఉప్పెన వచ్చి ఆ డెల్టాను మింగేసింది. దొరికిన పడవ పట్టుకుని బయటపడ్డవాళ్ళు తాతల తీరానికే వచ్చి చేరారు. తాతలు పట్టుకెళ్ళిన తెలుగు వాళ్ళ నోట చెక్కుచెదరలేదు. కాగితాల్లో మాత్రం వాళ్ళు శరణార్థులు.

హైమవతి నాలుగో తరగతి గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎల్లాజీ మాస్టారు నల్లబల్ల మీద ఎక్కాలు రాస్తున్నారు. అప్పుడే వంటమనిషి చేతిలోంచి స్టీలు కంచాల దొంతర జారి గచ్చు మీద పడింది. హైమవతి ఉలిక్కిపడి గోడ పట్టుకుంది. మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది. గదిలో నలభైమంది పిల్లలున్నారు. ఒక్కరూ తల తిప్పలేదు.

మూడో వరసలో ఒక పిల్ల పెన్సిలు ఆగింది. జుట్టు కింద, చెవి వెనక, చింతగింజంత బిళ్ళ ఒకటి పచ్చగా వెలిగింది. పిల్ల రెండుసార్లు కళ్ళార్పింది. బిళ్ళ ఆరిపోయింది. పెన్సిలు మళ్ళీ కదిలింది.

"సూసినారా?" అన్నారు మాస్టారు, బయటికొచ్చి గొంతు తగ్గించి. రంగం దేశంలో తమ ఊరి తెలుగు బడిని నడిపిన మనిషి ఆయన. "నలభయ్యేళ్ళు బడి సెప్పినాను మేడమ్ గారూ. సప్పుడు సెయ్యకండ్రా అని బల్ల బాదీవోణ్ణి. ఇప్పుడు సప్పుడు సెయ్యండ్రా అని బతిమాలుకోవాల."

"చదువు?"

"సదువుకేటి, బెమ్మాండం. సెప్పింది సెప్పినట్టు అప్పజెప్తారు." ఆయన చెయ్యి సుద్దపొడిని ఊరికే దులుపుకుంటూనే ఉంది. "అదే భయంగుంది నాకు."

ఆ బిళ్ళ పేరు ఊరట. శిబిరంలో అందరూ గింజ అంటారు. పిల్లవాడి గుండె దడ పెరిగినా, ఒళ్ళు చెమర్చినా అది పసిగడుతుంది. చెవి వెనక నరానికి చీమ పాకినంత కదలిక పంపుతుంది. మూడు లెక్కపెట్టేలోగా దడ తగ్గిపోతుంది. రెండువందల పన్నెండు మంది పిల్లలకు పద్నాలుగు నెలల కిందట దాన్ని అమర్చారు. బడి, బడి పక్కనే ఆటల గది, చెవి వెనక గింజ, ఈ మూడూ కలిసి ఒక కార్యక్రమం. ఇది పనిచేసిందని హైమవతి సంతకం చేస్తే మరో తొమ్మిది శిబిరాలకు వెళుతుంది. నివేదిక ఇవ్వడానికి మూడు వారాల గడువుంది.

ఆ మధ్యాహ్నం ఆమె మూడో వరస పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పేరు అసిరి, తొమ్మిదేళ్ళు. చెంపల మీద చెట్టు బెరడు అరగదీసి పూసే వాళ్ళ దేశపు తనకా పూత గుండ్రంగా దిద్ది ఉంది. హైమవతి తన నలభై ప్రశ్నల కాగితం తీసింది. ఆ ప్రశ్నలు ఆమె రాసినవే. దేశంలో పిల్లల శిబిరాలన్నిట్లోనూ ఆ కొలతే వాడతారు.

"పీడకలలు వస్తున్నాయా?"

"రావు."

"గాలి వీస్తే భయమేస్తుందా?"

"వెయ్యదు."

"స్నేహితులున్నారా?"

"ఉన్నారు. అయిదుగురు."

నలభైకి నలభై. హైమవతి కాగితం మడిచి పిల్ల మొహంలోకి చూసింది. పిల్ల నవ్వింది. తుడిచిన పలకలా ఉందా మొహం.

బయట వేపచెట్టు నీడలో ఒకామె నిలబడి ఉంది. అసిరి తల్లి దాలమ్మ. పొద్దుటి నుంచీ అక్కడే నిలబడిందట.

"అమ్మగోరూ, మీ కాయితంలో మా గుంటడి గురించి ఏటైనా అడిగినారా?"

"ఏ గుంటడు?"

దాలమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. ఉప్పెన రోజు రెండు పడవలు. దాలమ్మ ఒక దాంట్లో పడింది. అసిరి, దాని తమ్ముడు సూరి, నాలుగేళ్ళవాడు, ఇంకో దాంట్లో. ఈ తీరం దగ్గరికొచ్చాక రెండో పడవలోని మనుషులు ఒక్కచోట ఒడ్డెక్కలేదు, తీరం పొడుగునా మూడు నాలుగు చోట్ల తేలారు. అసిరిని చేపలు పట్టే పల్లెకారులు తెచ్చి ఇక్కడ అప్పగించారు. సూరి జాడ లేదు. ఆ పడవలో ఇద్దరి పక్కన ఉన్న పెద్దవాళ్ళెవరూ బతికి దొరకలేదు.

"మొదట్లో రోజూ అరిసీదమ్మా ఇది. సూరీ సూరీ అని లేసిపోయీది. ఏటైనాదే, ఎక్కడ ఒగ్గేసినావే అంటే, 'పడవ అమ్మా, పడవ...' అని మొదలెట్టీది. అంతలో సెవి ఎనకాల గింజ యెలిగీది. మాట ఆగిపోయీది. రోజుకి పదిమార్లు, ఇరవై మార్లు. ఆనక మొదలెట్టడమే మానేసినాది."

"ఇప్పుడు అడిగితే?"

"మీరే అడగండి."

హైమవతి వెనక్కి వెళ్ళి అడిగింది. అసిరి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: "నాకు తమ్ముడుండీవోడు. పేరు సూరి. నాలుగేళ్ళు."

"పడవలో ఏం జరిగింది తల్లీ?"

పిల్ల వెతుక్కుంది. నిజంగానే వెతుక్కుంది, పుస్తకంలో చిరిగిన పేజీ కోసం వెతికినట్టు. చెవి వెనక గింజ వెలగను కూడా లేదు. వెలగవలసిన అవసరమే దానికి రాలేదు.

"తెలీదు," అంది అసిరి మర్యాదగా.

దాలమ్మ గుమ్మం బయటే నిలబడి వింది. "వోడు ఏ పల్లెలోనో, ఎవరింట్లోనో ఉన్నాడమ్మా," అంది. "దీనికొక్కదానికే తెలుసు. దీని నోట్లోంచి తీసీసినారు మీరు."

*

మర్నాడు హైమవతి విశాఖపట్నంలోని ప్రయోగశాలకు వెళ్ళింది. ఊరటను కనిపెట్టిన డాక్టర్ ఉమాకాంత్ ఆమెకు ఎనిమిదేళ్ళుగా తెలుసు. సన్నగా, చొక్కా చేతులు ఎప్పుడూ మడిచి ఉండే మనిషి. మాటకు ముందే మంచినీళ్ళ గ్లాసు జరుపుతాడు.

అసిరి రికార్డు తెర మీద పెట్టాడు. మొదటి నెల రోజుకు ముప్ఫై ఒక్కసారి గింజ పనిచేసింది. నాలుగో నెలకు తొమ్మిది. పదో నెలకు సున్నా, ఎప్పుడైనా ఏ చప్పుడుకో ఒకసారి.

"చూడండి, నయమైంది," అన్నాడు.

"ఉమాకాంత్ గారూ, ఏది నయమో దీనికి ఎవరు చెప్పారు?"

"అదే నేర్చుకుంటుంది కదా. పదిహేను రోజులకోసారి పిల్లల మార్కులు దీనికి అందిస్తాం. ఎప్పుడు అడ్డుపడితే మార్కు పెరుగుతోందో చూసుకుని తనను తాను సరిదిద్దుకుంటుంది."

"ఏ మార్కులు?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "మీవే. మీ నలభై ప్రశ్నలు."

హైమవతి కుర్చీలోంచి లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచి కిటికీ దాకా వెళ్ళింది. పీడకలలు రాకూడదని, ఉలికిపాటు ఉండకూడదని, అకారణంగా ఏడవకూడదని రాసింది తనే. నీకు ఏం గుర్తుంది అని ఒక్క ప్రశ్న రాయలేదు. పిల్లల్ని మళ్ళీ నొప్పించకూడదని, మంచి ఉద్దేశంతోనే రాయలేదు. ఆ యంత్రం ఆమె చెప్పినట్టే విన్నది. భయం పుట్టిన తర్వాత ఆపితే కలిసొచ్చే మార్కు తక్కువ. గుర్తు రాబోతున్నప్పుడే ఆపితే ఎక్కువ. రోజుకు ముప్ఫైసార్లు సగంలో తెగిన జ్ఞాపకం మెల్లగా రావడమే మానుకుంది.

"తీసెయ్యాలి," అంది.

"తీస్తే ఏమవుతుందో తెలుసా?" ఉమాకాంత్ గొంతు పెంచలేదు. "నాకు ఏడేళ్ళప్పుడు దివిసీమలో ఇల్లు కొట్టుకుపోయింది. రెండేళ్ళు మంచం కిందే పడుకున్నానండీ. మా పిన్ని అన్నం పళ్ళెం మంచం కిందికి తోసేది. ఆ రెండేళ్ళూ ఎవరైనా నా చెవి వెనక ఇది పెట్టి ఉంటే వాళ్ళ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేవాణ్ణి. ఆ పిల్లను మళ్ళీ ఆ మంచం కిందికి పంపుతారా?"

హైమవతి కిటికీ వదిలి వెనక్కి వచ్చింది. "వాళ్ళమ్మను అడుగుతాను," అంది. "పిల్లనూ అడుగుతాను. మీరూ రండి."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కూతురు ప్రణవి సోఫాలో ముడుచుకుని ఏడుస్తోంది. పదో తరగతి. ప్రాణస్నేహితురాలు మాట్లాడటం మానేసిందట. హైమవతి సంచి కూడా దించకుండా పక్కన కూర్చుంది. "ఎన్ని రోజుల నుంచి? అన్నం తింటున్నావా? నిద్ర పడుతోందా?"

ప్రణవి ఎర్రబడ్డ కళ్ళతో తలెత్తింది. "అమ్మా, నన్ను సర్వే చెయ్యకు."

హైమవతి సంచి కింద పెట్టింది. తర్వాత పిల్ల తల ఒళ్ళోకి తీసుకుంది. ఊరుకో అని మూడుసార్లు నాలిక చివరిదాకా వచ్చింది. మూడుసార్లూ మింగేసింది.

*

"ఇది తీసేస్తే భయమేస్తుంది," అని హైమవతి అసిరికి చెప్పింది. "నిద్ర పట్టకపోవచ్చు. మరిచిపోయినవి మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు కూడా. నీకు వద్దంటే ఎవరూ తియ్యరు. తీశాక మళ్ళీ కావాలన్నా పెడతాం."

అసిరి తల్లి వైపు చూసింది. "మాయమ్మ ఏడుపు ఆగుద్దా?"

"తెలీదమ్మా."

పిల్ల కాసేపు ఆలోచించింది. "తీసీండి."

ఉమాకాంత్ స్వయంగా తీశాడు. చెవి వెనక చర్మం తెల్లగా, గింజ ఆకారంలో మిగిలింది.

మొదటి రెండు రోజులు ఏమీ జరగలేదు. మూడోరోజు గాలికి పాక రేకు కొట్టుకుంటే అసిరి బల్ల కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఉమాకాంత్ ఆ బల్ల పక్కన గచ్చు మీద చతికిలబడి కూర్చున్నాడు. పిలవలేదు, బుజ్జగించలేదు. అన్నం పళ్ళెం లోపలికి జరిపాడు, అంతే. నాలుగోరోజు రాత్రంతా అరిచిందని ఇరుగుపొరుగు చెప్పారు. అయిదోరోజు పక్కపిల్ల పలక లాక్కుని నేలకేసి కొట్టింది. ఏడోరోజు అన్నం ముట్టలేదు. హైమవతి తన నలభై ప్రశ్నలూ మళ్ళీ అడిగింది. నలభైకి ఆరు.

ఆమెను పంపిన సంస్థ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నివేదిక ఏమైంది, మంచి ఫలితాన్ని చేజేతులా ఎందుకు చెడగొడుతున్నారు. ఆమె శిబిరం కంచె వెంట అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడేది. కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు.

ఎనిమిదోరోజు దాలమ్మ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "పెట్టీండమ్మా మళ్ళీ. నా గుంటడి కోసం గుంటను సంపుకుంటన్నాను. వద్దు. నాకేటీ తెలవొద్దు."

ఉమాకాంత్ జేబులోంచి గింజ ఉన్న డబ్బీ తీశాడు. హైమవతి అడ్డుపడలేదు. మాట ఇచ్చింది కదా. ముగ్గురూ పాకలోకి వెళ్ళారు. అసిరి మూల కూర్చుని ఉంది. డబ్బీ చూసి చెవిని చేత్తో కప్పుకుంది.

"వొద్దు," అంది. "వొస్తాంది. ఆపకండి."

తొమ్మిదోరోజు పొద్దున్న, దాలమ్మ దానికి తల దువ్వుతుండగా వచ్చింది. హైమవతి గుమ్మంలో కూర్చుని ఉంది. అసిరి ఎవరి మొహమూ చూడకుండా, ఎదురుగా ఉన్న తడిక వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"పడవ తిరగబడ్డాదమ్మా. నాను సెక్క పట్టుకున్నాను. ఇంకో సేత్తో సూరిగాణ్ణి పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను."

దువ్వెన ఆగింది.

"సానాసేపు పట్టుకున్నాను. ఆడు, అప్పా, సెయ్యి నొప్పెడతందే అన్నాడు. ఏడ్సినాడు. నొప్పెడతందే, వొదులే అన్నాడు. కొంచెం... కొంచెం వొదులు సేసినాను అమ్మా. కొంచెమే. ఆడు మళ్ళీ తేల్లేదు."

బయట కుళాయి దగ్గర బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి, ఎవరూ కట్టలేదు.

హైమవతి ఏ పల్లెలోనో పెరుగుతున్న పిల్లవాణ్ణి వెతికిద్దామని వచ్చింది. వాడు చనిపోయాడన్న సంగతి తవ్వి తల్లి చేతిలో పెట్టింది. ఆ బరువంతా తొమ్మిదేళ్ళ పిల్ల చేత మోయించింది.

దాలమ్మ అరవలేదు. కూతురి కుడిచెయ్యి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసింది, అరచేయి చూసింది, మణికట్టు చూసింది. అప్పుడు ఆ చెయ్యి తన రొమ్ముకు అదుముకుని ఒక్కసారిగా శోకాలు పెట్టింది. అసిరి కూడా. తల్లీకూతుళ్ళ ఏడుపు విని పక్క పాకల ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళు ఏమైందని అడగలేదు. వచ్చి చుట్టూ కూర్చున్నారు.

ఉమాకాంత్ ఇసుకలోకి నడిచి వెళ్ళిపోయాడు. గంట తర్వాత తిరిగొచ్చేసరికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

మూడోనాడు సముద్రపొడ్డున సూరికి చెయ్యవలసినవి చేశారు. ఎల్లాజీ మాస్టారు మంత్రాలు రావంటూనే తనకొచ్చిన నాలుగు పద్యాలు చదివారు. అంతా అయ్యాక హైమవతి దాలమ్మ దగ్గరికి వెళ్ళి, నన్ను క్షమించమ్మా అంది.

"దేనికి?" దాలమ్మ ఇసుకలో చతికిలబడి ఉంది. "పద్నాలుగు నెల్లు ఒక్కద్దాన్నే ఏడ్సినానమ్మగోరూ. నా పక్కన నా గుంట నవ్వుతా కూకునీది. ఆ నవ్వు సూసి, ఇది నా కడుపున పుట్టిందేనా అని భయమేసీది. ఇప్పుడు ఇద్దరం ఏడుస్తన్నాం." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా కూతురు నాకు దొరికినాది."

*

హైమవతి నివేదిక పదకొండు పేజీలు. అందులో మొదటి వాక్యం, ఈ కార్యక్రమాన్ని కొలవడానికి నేను తయారుచేసిన కొలత తప్పు, అని. సంస్థవాళ్ళు ఆ వాక్యం తీసెయ్యమన్నారు. తియ్యలేదు. ఆ ఏడాది ఆమెకు మరో శిబిరం పని ఇవ్వలేదు. తొమ్మిది శిబిరాల సంగతి వాయిదా పడింది.

కొత్తరేవులో ప్రతి కుటుంబాన్నీ కూర్చోబెట్టి విషయం చెప్పారు. నూట నలభై మంది తల్లిదండ్రులు గింజ తీసెయ్యమన్నారు. మిగిలినవాళ్ళు ఒప్పుకోలేదు. అప్పన్న అనే తండ్రి అందరిలో లేచి నిలబడి అన్నాడు: "నా కొడుకు సూసింది నానూ సూసినాను. ఆడికి గురుతొద్దు. ఇద్దరి తరపునా నానే గురుతెట్టుకుంటాను." హైమవతి నివేదికలో అతని మాట ఉన్నదున్నట్టు రాసింది, కింద తన అభిప్రాయం రాయలేదు.

ఉమాకాంత్ గింజను మార్చే పనిలో పడ్డాడు. కొత్తది భయాన్ని ఆపదు. పిల్లకు దడ పుట్టగానే దగ్గర్లో ఉన్న పెద్దవాళ్ళెవరికో కబురు పంపుతుంది.

"నలభైమంది పిల్లలకు ఒక్క మాస్టారు," అంది హైమవతి ఫోనులో. "కబురందితే వచ్చేదెవరు?"

"అది నా యంత్రం చెయ్యలేనిది," అన్నాడాయన. "మీ తర్వాతి నివేదికలో అదే రాయండి. మనుషులు కావాలని."

ఏడు నెలల తర్వాత హైమవతి ఎవరూ పంపకుండానే కొత్తరేవు వెళ్ళింది. బడి గోలగోలగా ఉంది. మాస్టారు బల్ల బాదుతున్నారు. అసిరి చిక్కిపోయింది, కళ్ళ కింద నలుపు, చదువులో వెనకబడింది. రాత్రుళ్ళు ఇంకా లేస్తుందట. నలభై ప్రశ్నల ప్రకారమైతే ఈ శిబిరంలో ఏదీ బాగాలేదు.

అసిరి తనంతట తానే వచ్చి ఆమె పక్కన అరుగు మీద కూర్చుంది. కాసేపు కాళ్ళు ఊపింది.

"కాయితం తెచ్చినారా?"

"తేలేదు."

"అయితే సెప్తాను." పిల్ల సముద్రం వైపు చూడకుండా, తన మోకాళ్ళ వైపు చూస్తూ అంది. "మా సూరిగాడికి ఈతొచ్చు. మీకు తెలుసా? మా ఊరి కాలవలో మూడు బారలు ఈదీవోడు. నాలుగోది రాదు. మునిగిపోయీవోడు, నాను జుట్టు పట్టుకుని లాగీదాన్ని. బయటికొచ్చి నన్నే తిట్టీవోడు."

నవ్వింది. నవ్వు మధ్యలో పెదవి వంకర తిరిగింది. అయినా ఆపలేదు.

"వాడికి ఈత ఎవరు నేర్పారు?" అంది హైమవతి.

"నానే," అంది అసిరి. తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది. "నానే నేర్పినాను. ఎలగ నేర్పినానో సెప్పమన్నారేటి?"

"చెప్పు," అంది హైమవతి.